నాలుగు చాలన్న మౌనిక

మా మనవరాలు మౌనిక మొట్టమొదట గెలిచింది 2002లో. ఎంసెట్ ఒకసారి తప్పి, చైతన్యపురి హాస్టల్లో ఒకే గదిలో ఆరుగురితో ఇంకో ఏడాది చదివి, రెండోసారి డాక్టరు సీటు కొట్టింది. లారీ డ్రైవర్ బిడ్డ. నల్లగొండ జిల్లాలో మా ఊరికి మొదటి డాక్టరు. ఆ పైన పిల్లల వైద్యంలో ఎం.డి., బంగారు పతకం. ఇవన్నీ నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? ఆమె చెప్పుకోదు.

2011లో ఎం.డి. అయ్యాక, నెలలు నిండకుండా పుట్టే పాపల వైద్యంలో ఏడాది ఫెలోషిప్ చేయాలనుకుంది. అది నేర్చుకొని నల్లగొండ దవాఖానకు పోవాలని పట్టు. ఎన్నిచోట్లకు దరఖాస్తు పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో ఆమెకు జువాలజీ చెప్పిన విశ్వేశ్వరరావు గారిది గుంటూరు. మా పక్క వాటాలోనే ఉంటారు.

"పన్నెండు పెట్టమ్మా. ఎక్కడో ఒకచోట తగులుతుంది, నీదేం పోయింది?"

"నాలుగే పెడత సర్. గా నాలుగు జాగాలనే కిలో లేని పాపలను రోజూ చూస్తరు. మిగతా ఎనిమిదిట్ల సీటొచ్చినా పోను. పోని కాడికి దండమెందుకు?"

ఫారాలు చేత్తో నింపి పోస్టు చేయాలి. ఆమెకు వార్డు డ్యూటీలు. "నీ అక్షరాలు ముత్యాలు తాతా, అడ్రస్ నువ్వు రాయి" అంది. నేను ఊరి బడిలో ఏడు చదివాను. ఎల్బీనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలకు నంబరు పలకలు రాశాను. నా చేతి ఇంగ్లీషు అక్షరం బొంబాయి దాకా తిరిగింది. ఉద్యమం వచ్చాక ఏపీ తుడిచి టీజీ రాయడమే పని. అదే చెయ్యి కదా, నాలుగు ఫారాల్లోనూ రాష్ట్రం అన్న గడిలో తెలంగాణ అని రాసి పోస్టులో వేసొచ్చాను.

మూడు తిరిగొచ్చాయి. రాష్ట్రం పేరు సర్టిఫికెట్లతో కలవలేదట.

విశ్వేశ్వరరావు గారు తల పట్టుకున్నారు. "ఒక్క మాట మార్చి పంపండి రామస్వామి గారూ, ఇంకా గడువుంది! ఆ ఎనిమిదీ కూడా కలిపేయండి."

నేను కలం తీశాను. మౌనిక గుంజుకుంది.

"నువ్వు రాసింది తప్పా తాతా?"

"తప్పు కాదు బిడ్డా. జర ముందుగాల రాసిన."

"అయితే మార్చకు. పుణెది తిరిగి రాలే గదా. చూద్దాం."

అక్టోబరులో పుణె పిలిచింది. సరిగ్గా అప్పుడే రైల్‌రోకో. రైళ్లు ఆపింది మనవాళ్లే, ఎవరిని తిట్టాలి? నా కొడుకు జగనే కూతురిని తన లారీలో ఎక్కించుకుని పోయాడు.

తిరిగొచ్చి చెప్పింది: "గీ రాష్ట్రం మ్యాపుల ఏడుందని అడిగిండు తాతా పెద్ద డాక్టరు. లేకుంటె నేను ఏడికెళ్లి ఒచ్చిన సార్, గా రాష్ట్రమే రైళ్లు బంద్ చేస్తె లారీల ఒచ్చిన అని నేనన్న."

"నవ్విండా?"

"నవ్వలే. బొమ్మ ముంగట పెట్టి, కిలో లేని పాపకు ఊపిరి గొట్టం ఎట్ల ఏస్తవో చూపియ్ అన్నడు. ఒక్కసారికే ఏసిన."

ఉన్నవి రెండే సీట్లు. ఒకటి మౌనికది.

ఏడాది కావొస్తోంది. నల్లగొండ దవాఖానలో ఆమె కోసం, నెలలు నిండని పాపలను వెచ్చగా ఉంచే ఊయల పెట్టెలు ఎదురు చూస్తున్నాయి. తోలుకురావడానికి పోయే జగన్ లారీ పలక మీద టీజీ అని నిన్ననే కొత్తగా దిద్దాను. మౌనిక వచ్చేది 2013 జనవరి 2, బుధవారం.