గోడ మీది గుమ్మం

గోపాల్‌పూర్‌లో బరంపురం బస్సు కోసం చూసి చూసి, మిట్టమధ్యాహ్నపు ఎండకు తాళలేక పక్కనున్న పాత గిడ్డంగి వసారాలోకి అడుగు పెట్టాను.

"ఏటి బాబూ, సెప్పులతో వచ్చేస్తన్నావు? గుమ్మం తొక్కేసినావు!"

తెలుగు వినిపించిందని సంతోషించేలోపే చివాట్లు! చాప మీద కూర్చున్న ముసలావిడ నా కాళ్లకేసి చూపిస్తోంది. నేలమీద పసుపురంగు గడప, ఎర్రటి బొట్లు. అక్కడి నుంచి లోపలికి, మార్గశిరంలో ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండితో వేసే లక్ష్మి పాదాలు. వెనక గోడ నిండా నీలం తలుపులు, మామిడి తోరణం, పైన రెండు భాషల్లో 'అప్పలమ్మ' అని పేరు. అన్నీ రంగులతో వేసిన బొమ్మలే.

"ఎవరేశారమ్మా?"

"మా పేట ఆడోళ్లు. తుపానుకి ఇల్లు పోయినకాడ్నుంచి ఇక్కడే తొంగుంటన్నాను. ఆళ్ల పిల్లలందరికీ పురుట్లో నీళ్లు పోసిన సెయ్యిది. నాకు ఇల్లు లేదంటే ఆళ్లకి సిన్నతనమంట."

తలుపులు బార్లా తెరిచి ఉండటం అప్పుడు గమనించాను.

"ముందు మూసిన తలుపులేసినారు. నానే సెరిపించినాను. మూసుంటే లచ్చిమి ఎలాగొస్తాది, సెప్పు?"

చెప్పులు బయట విడిచి, ఆవిడ పెట్టిన మరమరాలు తింటూ కూర్చున్నాను. బస్సొచ్చింది. అప్పలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, ఆ పసుపు గడప దాకా వచ్చి సాగనంపింది.

"మళ్లీ ఇటొస్తే ఓటల్లో దిగీకు బాబూ. మా ఇల్లుందిగా!"