నాలుగు మూలల పసుపు

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మాకు సగం యంత్రం, సగం దేవుడు. చెప్పులు బయట విడిచి దాని ముందుకు వెళ్లేవాళ్లం. డిప్లొమా అయ్యాక నేను నాచారంలో పెళ్లికార్డులు కంపోజ్ చేసే ఒక షాపులో చేరాను. యజమానిని అన్న అనీ, ఆయన తల్లిని పెద్దమ్మ అనీ పిలిచేవాణ్ణి. (షాపంటే వాళ్ల ఇంటి ముందుగదే. పోపు వాసన సోకని కార్డు అక్కడినుంచి బయటికి వెళ్లలేదు.)

దసరా మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే మా ఫైళ్లకు బదులు నీలిరంగు బయాస్ పట్టిక వచ్చింది. గడియారం, డిస్కు వంటి వివరాలను యంత్రం దాచుకునే చోటది. బయటికొచ్చి మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే. సరిగ్గా అప్పుడే బోడుప్పల్ నుంచి పెళ్లికూతురి తండ్రి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన కార్డు ఆ డిస్కులోనే ఉంది. మధ్యాహ్నంలోగా ప్రింటు ప్రెస్సుకు చేరితేనే సాయంత్రానికి కార్డులు చేతికొస్తాయి. వాటితో ఆయన చుట్టాల ఊళ్లకు బస్సెక్కాలి.

"ఏమైంది తమ్మీ?" అన్నాడు అన్న.

"సెట్టింగులన్నా. వరసగ చూస్తే దొరుకుతది."

వరస నా బలహీనత. కాగితం మీద అంకెలు వేసుకున్నాను: గడియారం, డిస్కు రకం, ముందు చదవాల్సిన డ్రైవు, బ్యాటరీ. ఒక్కొక్కటీ మార్చడం, మళ్లీ మొదలుపెట్టడం, కొట్టేయడం. కొత్త బ్యాటరీ కోసం సైకిలెక్కి ఉప్పల్ దాకా వెళ్లొచ్చాను. అదీ కొట్టేశాను. కాగితం నిండింది కానీ నా పట్టు సడలలేదు.

"గా డబ్బాకు దిష్టి తగిలిందేమో. నా బిడ్డ లగ్గం కార్డు అయితదా, కాదా?" అన్నాడు తండ్రి.

"ఎందుకు గాదు కాకా? మావోడు డిప్లొమా చదివిండు," అన్నాడు అన్న. ఆ మాట పొగడ్తలా వినిపించలేదు.

పెద్దమ్మ చాయ్ తెచ్చింది. "ఫికర్ జెయ్యకు తమ్మీ. కార్డు రాంగనే నాలుగు మూలలకు నేనే పసుపు పెడ్త. నిన్న పూజల గీ మీటల పలకకు గూడ గట్లనే పెట్టిన. గంధం కలిపి, మస్తుగ!"

నా చేతిలో పెన్ను ఆగింది. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. మూడు మూలల్లో బొట్లు బుద్ధిగా ఉన్నాయి. కుడివైపు అడుగు మూలలో మాత్రం పెద్దమ్మ భక్తి కొంచెం ఎక్కువై, పక్కనున్న డిలీట్ మీట సందులోకి జారి గట్టిపడింది. మీట నొక్కినట్టే అతుక్కుపోయింది. స్విచ్ వేయగానే డిలీట్ నొక్కితే బయాస్ తెరుచుకుంటుందని మాకు క్లాసులోనే చెప్పారు. పొద్దుటినుంచీ ఆ యంత్రం అడిగిన పని అడిగినట్టు చేస్తూనే ఉంది. అడుగుతున్నది నేను కాదు, గంధం.

తడిగుడ్డతో తుడిచి, అగ్గిపుల్లతో గీకాను. మీట టక్కున పైకి లేచింది. తెర మీద పెళ్లికార్డు కనిపించగానే తండ్రి లేచి రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, కంప్యూటర్‌కు.

"సూసినవా? పసుపు పెట్టిన పని ఆగుతదా?" అంది పెద్దమ్మ.

అన్న నావైపు చూశాడు. నేను చాయ్ వైపు చూశాను. ఆమెకు మేమిద్దరం ఎన్నడూ చెప్పలేదు. సాయంత్రం కార్డులు రాగానే ఆమె పసుపు గిన్నె తెచ్చింది. నేను కీబోర్డును చంకలో పెట్టుకుని దూరంగా నిలబడ్డాను.

ఇప్పటికీ ఏ యంత్రం మొరాయించినా ముందు అంకెలు వేసుకుంటాను. మొదటి అంకె పక్కన 'మూలలు' అని రాస్తాను. వెళ్లి చూస్తే అన్నీ శుభ్రంగానే ఉంటాయి. ఎందుకో ఆ శుభ్రం చూసినప్పుడల్లా కాస్త వెలితిగా ఉంటుంది.