ఫోన్లో అందరూ బాగున్నవాళ్ళే

చిక్కబళ్ళాపురంలో నేను చేసిన ఉద్యోగం గురించి చెబితే అందరూ నవ్వేవారు. ముసలివాళ్ళకు ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడం. రోజూ చింతామణి నుంచి బస్సులో వచ్చి బల్ల ముందు కూర్చోవాలి. కన్నడంలో అచ్చేసిన ఫారంలోని ప్రశ్నలు తెలుగులో అడిగి, జవాబులకు మార్కులు వేయాలి. ఇబ్బంది ఎక్కువుంటే మార్కులు ఎక్కువ. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళ ఇంటికి నెలకు రెండుసార్లు వ్యాన్‌లో నర్సమ్మ వెళ్తుంది. మూడు తాలూకాలకు ఒకటే వ్యాన్. ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చిన కొత్త కాబట్టి, అవసరం ఎవరికో ఫోన్లోనే తేలిపోతుందని మా పైవాళ్ళ నమ్మకం. ఒక్క పూట నా కుర్చీలో కూర్చుని ఉంటే తెలిసివచ్చేది.

మా వైపు పెద్దవాళ్ళెవరూ పరాయివాళ్ళతో ఒంట్లో బాగాలేదని చెప్పరు. ఎట్లున్నారని అడిగితే బాగున్నామని చెప్పి, నువ్వు అన్నం తిన్నావా అని ఎదురు నన్నే అడుగుతారు. గుడిబండె నుంచి ఒకాయన దగ్గు ఆపుకుంటూ, ఆయాసపడుతూ మరీ బాగున్నానన్నాడు. నాకు ఒళ్ళు మండేది.

వీళ్ళందరిలో నా తల ప్రాణం తోకకు తెచ్చింది బాగేపల్లి పెద్దామె. అంగడివీధిలో ధాన్యం వ్యాపారం చేసేవాళ్ళ ఇల్లు. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిందని ఆసుపత్రి నుంచి మాకొచ్చిన చీటీలో ఉంది. ఫోన్లో మాత్రం తానే లేస్తుందట, తానే నడుస్తుందట, తానే నీళ్ళు పోసుకుంటుందట. తానే నడుస్తానని ఆమె చెబుతూ ఉండగానే పక్కనుంచి కోడలి గొంతు వినబడింది, "అత్తా, నా మెడ గట్టిగా పట్టుకో" అని. ఇంకేం అడగను? కోడల్ని అడిగితే ఆమెదీ అదే పాట. అత్తకేమీ లేదు, బ్రహ్మాండంగా ఉంది.

చూసి రమ్మని నర్సమ్మను బతిమాలాను. ముందుగా ఫోన్ చేసి చెప్పాకే ఎవరింటికైనా వెళ్ళాలని మా రూలు. అదే కొంప ముంచింది. ఇంటికి మనిషి వస్తోందని తెలిసి, పొద్దున్నుంచే ఇల్లు కడిగి, పెద్దామెకు తలకు పోసి, పట్టుచీర కట్టి, పూలు పెట్టి, మంచం మీద దిండ్లు ఆనించి పెళ్ళిపెద్దలా కూర్చోబెట్టారు. నర్సమ్మకు నెయ్యి వేసి ఓళిగలు పెట్టారు. ఇంత మర్యాద చేసినవాళ్ళను లేచి నడిచి చూపించమని ఎట్లా అడిగేదక్కా అని, తిరిగొచ్చి ఆమె నన్నే నిలదీసింది. ఎవరి సాయమూ అక్కర్లేదని రాసుకొచ్చింది. నెత్తి కొట్టుకున్నాను.

మరుసటి రోజు మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి పెద్దామే ఎత్తింది. కోడలు ఫోన్ దిండు పక్కన పెట్టి పిండి మిషన్‌కు పోయిందట. నాకు ఓపిక అయిపోయింది. మర్యాద గిర్యాద వదిలేసి, అయితే ఇప్పుడే లేచి వాకిలి దాకా నడవండి, నేను వింటుంటాను అన్నాను. ఆ వయసు మనిషితో అట్లా మాట్లాడినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మంచం కిర్రుమన్న చప్పుడు, ఆయాసం వినబడ్డాయి.

"లేయలేనమ్మా," అంది చివరికి. "నాలుగు నెలలాయె. కోడలే ఎత్తతాది, కోడలే కడగతాది. నన్ను ఎత్తీ ఎత్తీ దాని నడుం పోయింది. మీ మనిషొచ్చి ఏమన్నా సులువు చెప్తే దానికి మేలు. రాసుకో. అయితే కోడలు చూడదని మాత్రం రాయొద్దు. నర్సు వస్తే వీధంతా అదే అనుకుంటారు."

ఇద్దరూ అన్నాళ్ళు ఎందుకు బుకాయించారో అప్పటికి నా బుర్రకెక్కింది. అత్త కోడలి పేరు కాపాడింది, కోడలు ఇంటి పేరు కాపాడింది, మధ్యలో ఒక నడుము పోయింది.

ఫారం తిరగరాశాను. లేవలేరు, నడవలేరు, స్నానానికి సాయం కావాలి. అన్నీ కూడినా వ్యాన్ పోవడానికి రెండు మార్కులు తక్కువొచ్చాయి. మిగిలింది ఒకటే ప్రశ్న. చూసుకునేవారు ఉన్నారా? ఉన్నారంటే సున్నా, లేరంటే మూడు. ఆ ఫారం తయారుచేసిన మహానుభావులు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. మా ఆఫీసరు దగ్గరికి పోయి గొడవపడ్డాను. ఫారం ప్రకారమే పోవాలమ్మా అన్నాడు, తల కూడా ఎత్తకుండా. తిరిగొచ్చి "లేరు" దగ్గర టిక్కు పెట్టాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

వ్యాన్ వెళ్ళింది. నడుము మీద భారం పడకుండా మనిషిని ఎట్లా లేపాలో నర్సమ్మ కోడలికి నేర్పింది. పెద్దామెకు పట్టుకుని నడిచే వాకర్ ఇచ్చింది. రెండు నెలలకు ఆమె దాన్ని పట్టుకుని నిలబడిందని తెలిసి సంబరంగా ఫోన్ చేశాను.

కోడలు ఎత్తింది. నర్సమ్మ వెళ్ళిన ప్రతి ఇంట్లో ఒక కార్డు ఇచ్చి వస్తుంది. ఫారంలోని జవాబులన్నీ దాని మీద కన్నడంలో ఉంటాయి. అత్తకు కన్నడం చదవడం రాదు. కోడలు చదువుకున్నది కన్నడ బడిలోనే. ఈ సంగతి నాకు తట్టనే లేదు.

"కార్డు సదివినానమ్మా," అంది. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "చూసుకునేవాళ్ళు ఎవురూ లేరని రాసిండారు. మా అత్తకు చెప్పలేదులే."

మార్కుల సంగతి చెప్పుకొచ్చాను. నా చెవికే అది పనికిమాలిన మాటగా వినబడింది. ఆమె అంతా విని, అట్లనా అని, ఫోన్ అత్త చెవి దగ్గర పెట్టింది.

"కోడలు బాగా చూసుకుంటాండాదని రాసినావు కదమ్మా?" అంది పెద్దామె.

కోడలు పక్కనే వింటోంది. రాశానని చెప్పాను.