కామారెడ్డి మెండికోట్ పోటీలో ఒక తీర్పు

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఎల్లారెడ్డి బస్టాండులో కామారెడ్డి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే గానీ ఆధార్ కార్డు చూపాలి. సంచి అడుగున పెట్టుకుంటే కండక్టర్ నిలబడి ఎదురుచూస్తాడు, ముందే చేతిలో పట్టుకోవడం మంచిది.

నేను వెళ్తున్నది ఆడవాళ్ల మెండికోట్ పోటీకి, తీర్పరిగా. మెండికోట్ నలుగురు ఆడే పత్తాలాట, అంటే పేకాట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిదీ ఒక జట్టు, తలా పదమూడు పత్తాలు. నలుగురూ ఒక్కో పత్తా వేస్తే ఒక పట్టు. నాలుగు పదులలో మూడు ఏ జట్టుకు వస్తే ఆ జట్టుదే గెలుపు. ఒకరు కళావరు వేస్తే మిగతావాళ్లూ కళావరే వేయాలి. చేతిలో లేనివాళ్లు మాత్రమే హుకుం, అంటే తురుపు రంగుతో ఆ పట్టును కోయవచ్చు. పైసలు పెట్టే ఆట కాదు. గెలిచినవాళ్లకు స్టీలు డబ్బాలు ఇస్తారు.

రెండేళ్ల క్రితం ఇదే పోటీలో నా జోడీ సాయవ్వ తన వంతు రాకముందే ఒక పత్తా వేసింది. తీర్పు చెప్పే ఆయన దొంగాట అని మమ్మల్ని లేపి బయటికి పంపాడు. గోడకు నియమాల కాగితం ఉంది గానీ, యాభై నాలుగేళ్ల వయసులో నేను అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. అందులో ఏముందో తెలియక నోరు మూసుకుని వచ్చేశాను. సాయవ్వ మళ్లీ పత్తాలు ముట్టలేదు. ఈ ఏడాది తీర్పరులు కావాలని పోటీ నడిపే సంఘంవాళ్లు అడగగానే నేను వస్తానన్నాను. ఏ తప్పును ఎలా సరిచేయాలో నాలుగు రోజులు కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను.

లింగంపేటలో ఎక్కినామె నా పక్కన కూర్చుంది.

"ఏడికి పోతున్నవక్కా?"

"పత్తాలాటకు. తీర్పు చెప్పనీకి."

"మా ఇంటాయన పత్తాలు ముడితే చీపురు తిరగేస్త నేను. నిన్నేమో పిలిచి కుర్సీ ఏసిండ్రా?"

"ఏసిండ్రు. పొద్దుమూకేదాంక కూసోనిస్తరో లేదో చూడాలె."

ముందు సీట్లోవాళ్లు కూడా నవ్వారు.

ఎనిమిదిన్నరకు కామారెడ్డిలో దిగాను. బస్టాండు బయట టీ తాగి షేర్ ఆటో ఎక్కితే ఫంక్షన్ హాలుకు ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఎండ లేకపోతే నడిచినా పావుగంటే.

హాల్లో ఎనిమిది బల్లలు, ముప్పై ఇద్దరు ఆడవాళ్లు. పెద్ద తీర్పరి ఒక రిటైర్డ్ సారు. ఆట మొదలయ్యే ముందు ఆయన్ను ఒకటి అడిగాను. గెలిచిన ప్రతి పట్టునూ బోర్లించి, ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టమందాం అన్నాను.

"ఎందుకు రాజవ్వా గింత తతంగం?"

"తప్పు పడితే ఎనుకకు పోయి చూడొచ్చు సారూ. లేకుంటే ఎవలు గట్టిగ ఒర్రితే గాళ్లదే నిజమైతది."

సారు నవ్వి మైకులో చెప్పాడు.

ఒంటిగంటకు బగారన్నం, వంకాయ కూర, పెరుగు పెట్టారు. తిన్నాక రెండో దఫా మొదలైంది. రెండుంబావుకు మూడో బల్ల దగ్గర కేక వినిపించింది.

అక్కడ కామారెడ్డి జట్టు, డోంగ్లి నుంచి వచ్చిన వదినా మరదళ్ల జట్టు ఆడుతున్నాయి. కామారెడ్డి విజయ లేచి నిలబడి వేలు చూపిస్తోంది.

"రెండు పట్లకింద కళావరు ఏస్తే లేదని హుకుంతోని కోసింది. నా పది ఎత్కపోయింది. ఇప్పుడు గా కళావరు ఏడికెల్లి వచ్చింది? పైటల నుంచా?"

డోంగ్లి గంగామణికి ముప్పై ఏళ్లుంటాయి. చెమటలు కారుతున్నాయి. "నాకు కనబడలేదవ్వా, ఒట్టు" అంటోంది. ఎదురుగా ఉన్న ఆమె ఆడబిడ్డ సునీత తల వంచుకుంది. చుట్టూ మూగినవాళ్లలో ఎవరో "డోంగ్లి దొంగలు" అన్నారు.

సారు నన్ను పక్కకు పిలిచాడు. "ఇద్దర్ని బయటికి పంపుదాం. భయముంటేనే ఆట సాఫుగ సాగుతది."

"ఒక్క నిమిషం ఆగుండ్రి సారూ."

గంగామణి పత్తాలు పట్టుకున్న తీరు చూశాను. విసనకర్రలా పరచలేదు. అంచులన్నీ కలిపి, బొటనవేలితో నొక్కి, కట్టలా పట్టుకుంది.

"బీడీలు చేస్తవా బిడ్డా?"

"పదేండ్ల సంది చేస్తున్నవ్వా."

ముప్పై ఏళ్లు బీడీలు చుట్టినదాన్ని, అలా పట్టుకోవడం నాకు తెలుసు. తడిపిన తునికాకు పరిస్తే ఆరిపోయి చిట్లుతుంది. అందుకే అంచులు కలిపి బిగించి పట్టుకుంటాం. వేళ్లకు పడ్డ అలవాటు పత్తాల దగ్గర మారదు. ఒక కళావరు ఇంకో పత్తా వెనక అతుక్కుపోయింది. అయినా అలవాటు అన్నంత మాత్రాన విజయకు పోయిన పది తిరిగి రాదు కదా.

అడ్డంగా పేర్చిన పట్లు విప్పాను. రెండు పట్ల కింద విజయ వేసిన కళావరు పది, దానిమీద గంగామణి హుకుం దొరికాయి. గంగామణి తన దగ్గరున్న చిన్న కళావరు వేసి ఉంటే ఆ పట్టు విజయదే. దాన్ని విజయ ముందు పెట్టాను. తర్వాతి పట్టు జోలికి పోలేదు. అన్నీ విప్పుకుంటూ పోతే నలుగురి పత్తాలూ బయటపడి ఇక ఆడడానికి ఏమీ మిగలదు. గంగామణి పేరు పక్కన మొదటి హెచ్చరిక అని రాశాను.

"గంతేనా?" అంది విజయ. "దొంగాట ఆడితే గంతేనా?"

"నీకు పోయింది నీకొచ్చింది. ఇంకేం గావాలె?"

"మా ముంగట మోసం చేసిండ్రు!"

"దాచిపెట్టినామె రెండు పట్లు తిరగకముందే నీ ముంగటనే తీసి ఏస్తదా? ఆమె మనసుల ఏముందో నాకు కనబడది. బల్లమీద ఏం పోయిందో కనబడ్డది, అది ఇప్పిచ్చిన."

సారు నా నోటుబుక్కు అందుకుని చూశాడు. "రాజవ్వా, నువ్వు రాసింది అందరికీ ఒక్కతీరుగ వర్తిస్తదా?" అని అడిగాడు. ఈ బల్లకైనా, రేపు నా సొంత చెల్లెలు ఆడినా ఇంతే అన్నాను. ఆట సాగనివ్వమన్నాడు.

నేను మైకు అడిగి తీసుకున్నాను. "బీడీలు చేసెటోళ్లు వినుండ్రి. ఇయి ఆకులు గావు, ఎండిపోవు. ఇప్పి పట్టుకోండ్రి." హాలంతా నవ్వింది. ఐదారుగురు చేతులు చూసుకుని పత్తాలు సర్దుకున్నారు.

తిరిగి ఇచ్చిన ఆ పదితో కలిపి, ఆట చివరికి కామారెడ్డి జట్టుకు మూడు పదులయ్యాయి. డోంగ్లి జట్టు అక్కడే ఓడిపోయింది. నేను చేసిన పనితోనే వాళ్ల ఆట అయిపోయింది. గంగామణి ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

పోటీ నాలుగున్నరకు ముగిసింది. బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉంటే గంగామణి, సునీత వెతుక్కుంటూ వచ్చారు.

"అవ్వా, హాల్ల మమ్మల్ని దొంగలన్న మాట మాకంటె ముందే ఊరికి చేరుతది. జర కాయితం మీద రాసియ్యవా?"

నోటుబుక్కులో కాగితం చించి, బెంచీ మీద పెట్టి మెల్లగా రాశాను. ఆటలో తప్పు జరిగింది. సరిచేశాము. మోసం లేదు. కింద నా పేరు, తీర్పరి అని రాశాను. సునీత చదివి వినిపించింది. గంగామణి తల అడ్డంగా ఊపింది.

"ఓడిపోయినమని గూడ రాయవ్వా. అది లేకుంటే ఎవ్వలు నమ్మరు."

అదీ రాశాను. కాగితం మడిచి రవికలో పెట్టుకుని, వాళ్లు బాన్సువాడ బస్సు వైపు పరిగెత్తారు.

నా బస్సు ఐదుంబావుకు కదిలింది. తాడ్వాయి దాకా నిలబడే వచ్చాను. ఈ పోటీ చూడాలనుకునేవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు, లాడ్జి అక్కర్లేదు. అక్కడ గెలిచినవాళ్లు నాతో మాట్లాడకుండానే డబ్బాలు తీసుకుని వెళ్లిపోయారు. నా తీర్పుతో ఓడినవాళ్లు మాత్రం నా చేతిరాత అడిగి తీసుకెళ్లారు.