కల్లంలో ఛాంపియన్

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల నాటి సంగతి కాదు, చేతిలో ఫోనూ ఫోన్లో నెట్టూ వచ్చేసిన రోజుల్లోనే, మా వైపు ఊళ్ళలో మనిషి ఎంత గొప్పవాడో వాడి ఫ్లెక్సీ పొడుగు వెడల్పులను బట్టి చెప్పేసేవారు. పుట్టినరోజుకి ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ, ఎడ్ల పందెంలో రెండో బహుమతి వస్తే ఎడ్లకి కూడా ఫ్లెక్సీ. (అందులో యజమాని కన్నా ఎడ్లే బాగా పడ్డాయని ఊరంతా ఒప్పుకుంది.) గుంటూరులో ఉద్యోగం చేస్తూ, రోజూ ఊరి నుంచి బండి మీద వెళ్ళొస్తూ ఉన్న నా మొహం మాత్రం ఎప్పుడు పడినా కింది వరసలో, శుభాకాంక్షలు చెప్పే గుంపులో, తపాలా బిళ్ళంత పడేది. ఆ లోటు ఎలా తీర్చుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతో పాటు ఇంకొకటి కూడా వస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మా స్నేహితులం ఓ ఎనిమిది మందిమి ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ ఒకటి నడిపేవాళ్ళం. మాలో ఒక్కడు కూడా జన్మలో ఫుట్‌బాల్‌ని కాలితో తన్ని ఎరగడు. ఎక్కడో ఇంగ్లండులో నిజం జట్లు నిజంగా ఆడుతుంటాయి. వాళ్ళలోంచి మనకి నచ్చినవాళ్ళని ఏరుకుని ఫోన్లో మన జట్టు కట్టుకోవాలి. వాళ్ళక్కడ గోలు కొడితే మనకిక్కడ పాయింట్లు. కెప్టెన్‌గా పెట్టినవాడి పాయింట్లు రెట్టింపు. వారానికి ఒకణ్ణి మార్చుకోవచ్చు, అంతకు మించి మారిస్తే పాయింట్లు కోసేస్తారు. ఆగస్టులో మొదలై మే నెలాఖరుకి ముగుస్తుంది. ఇదంతా మా నాన్నకి ఓ పూట కూర్చోబెట్టి వివరించాను.

"అంటే ఆడేది వాళ్ళు, గెలిచేది నువ్వా?" అన్నాడు.

"అవును నాన్నా."

"మరి పరిగెత్తి ఆయాసపడేది?"

"వాళ్ళే."

"మంచి ఉద్యోగమే చూసుకున్నావు," అని పేపరు తిప్పుకున్నాడు.

ఆ లీగ్‌కి అధ్యక్షుణ్ణి నేనే. ఎవరూ ఎన్నుకోలేదు. గ్రూపు పెట్టింది నేను కాబట్టి ఆ పదవి నాదేననుకున్నాను, మిగతావాళ్ళకి అభ్యంతరం చెప్పే ఓపిక లేకపోయింది. ఆ ఏడాది ఆఖరి వారం వచ్చేసరికి నేను మొదటి స్థానంలో ఉన్నాను, నా వెనక అందుకోలేనంత దూరంలో మా బావ ఉన్నాడు. బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే రెండేళ్ళు పెద్ద. మామయ్య పోయాక మిర్చి, పత్తి సేద్యమంతా తన మీదే పడింది. అతను జట్టును ఎంచుకునే పద్ధతి వేరు. కల్లంలో మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోన్లో ఆటగాళ్ళ ఫొటోలు చూసి, "ఈడి మొహం చూడరా, కష్టపడే మనిషిలా లేడూ?" అని తీసేసుకునేవాడు. నేనేమో వీడియోలు చూసి, విశ్లేషణలు చదివి, ఆఫీసులో లెక్కలు వేసి ఎంచుకునేవాణ్ణి. (ఆఫీసు లెక్కలు అప్పుడప్పుడు తప్పుతుండేవి. కారణం మా మేనేజరుకి ఎప్పటికీ తెలియలేదు.)

సీజన్ ముగింపుకి సన్మాన సభ పెట్టాలని నేనే తీర్మానించాను. సోమవారం సాయంత్రం, బడి వరండాలో. శాలువా, పూలదండ, ముఖ్య అతిథిగా మాకు చిన్నప్పుడు డ్రిల్లు నేర్పిన మాస్టారు. ఆట ముగిసేది ఆదివారం రాత్రి. ఫ్లెక్సీ సోమవారం కొట్టించుకోవచ్చు కదా అని మీరంటారు. ఫ్లెక్సీ షాపతను వినలేదు.

"సోమవారం నుంచి పెళ్ళిళ్ళన్నా. వారం దాకా మిషను ఖాళీ ఉండదు. కావాలంటే ఇప్పుడే కొట్టేస్తా."

గెలుపు ఖాయమే కదా అని సరేనన్నాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని రెండు చేతులూ జోడించి నవ్వుతున్న ఫొటో ఒకటి ఇచ్చాను.

"వెనకాల సింహం పెట్టమంటావా, పులి పెట్టమంటావా?"

"ఇది ఫుట్‌బాల్ బాబూ. బంతి పెట్టు."

"బంతి పెడతా. సింహం ఎట్టాగూ ఉంటుందన్నా, అది లేకపోతే జనం ఆగి చూడరు."

అలా పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద, ఒక పక్క సింహం, ఒక పక్క బంతి, మధ్యలో ఫుట్‌బాల్ ఛాంపియన్‌గా నేను. కింద వరసలో, తపాలా బిళ్ళల్లో, మిగతా ఏడుగురూ. ఆదివారం మధ్యాహ్నం దాన్ని చుట్ట చుట్టి ఇంటికి తెచ్చి తలుపు వెనక నిలబెట్టాను. తినేటప్పుడు కూడా ఓ కన్ను దాని మీదే ఉంది.

సాయంత్రం అయిదు దాటాక పడమర మబ్బు పట్టింది. బావ ఫోన్ చేశాడు. ఊళ్ళో అందరి మిరపకాయలూ అప్పటికే గుంటూరు మిర్చి యార్డుకో కోల్డ్ స్టోరేజీకో వెళ్ళిపోయాయి. ధర ఇంకాస్త వస్తుందేమోనని బావ ఒక్కడే ఆఖరి కోత కాయల్ని కల్లంలో ఉంచాడు.

"ఒరేయ్, గాలి లేస్తంది. కాయలన్నీ పరిచి ఉన్నాయి, కుప్ప చేసి కప్పాలి. కూలోళ్ళు ఇవాళ రాలా. అమ్మా నేనూ ఇద్దరమే. టార్పాలిన్ పట్టా కూడా ఒకటి చినిగింది. మీ ఇంట్లో ఏదన్నా ఉంటే పట్టుకుని గబుక్కున రా."

మా ఇంట్లో పట్టా లేదు. నా కళ్ళు మాత్రం తిన్నగా తలుపు వెనక్కి వెళ్ళాయి. పన్నెండడుగులు, కొత్తది, చుక్క నీరు దిగదు. ఆ ఆలోచన రావడం వచ్చింది. వచ్చినదాన్ని నేనే, బురద అంటుకుంటుంది, రేపు సభ ఉంది అని బయటికి గెంటేశాను.

"బావా, ఏడింటికి జట్టు మార్చుకునే గడువుంది. అది అవగానే వచ్చేస్తా."

"ఏడింటికా?" అన్నాడు. ఫోన్లో గాలి హోరెత్తింది. "సరేలే, నీ పని చూసుకో."

చూసుకున్నాను. ఆ రెండు గంటలూ మంచం మీద కూర్చుని నా జట్టును నేనే నాశనం చేసుకున్నాను. ఏడాదంతా నాకు గోలు మీద గోలు కొట్టి పెట్టిన ఆటగాడొకడున్నాడు, మేం వాణ్ణి బోడాయన అనేవాళ్ళం. వాడికి మోకాలు నొప్పిగా ఉందని ఎవడో వీడియోలో అన్నాడు. వెంటనే బోడాయన్ని తీసేశాను. తీసినందుకు ఇంకో ఇద్దర్ని మార్చాల్సి వచ్చింది. పాయింట్లు కోసినా లెక్క చెయ్యలేదు. కొత్తగా తెచ్చినవాణ్ణి కెప్టెన్ చేశాను. ఈలోగా మాలో ఒకడు, గుడి పూజారి గారి అబ్బాయి, పంతులు అని పిలుస్తాం, వచ్చి ఫ్లెక్సీ పట్టుకెళ్ళాడు. తెల్లవారుజామునే లేచి సెంటర్లో కట్టే బాధ్యత వాడికి అప్పగించాను. ఏడింటికి గడువు ముగిసింది. అదే సమయానికి వాన మొదలైంది. ఇంత వానలో వెళ్ళి చేసేదేముందిలే అనుకున్నాను. అంత సులువుగా అనుకోగలిగానే అని ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది.

మిగతాది క్లుప్తంగా చెబుతాను, ఎక్కువసేపు చెప్పుకునే ఓపిక నాకూ లేదు. బోడాయన మోకాలికి ఏమీ కాలేదు, మూడు గోల్స్ కొట్టాడు. నా కొత్త కెప్టెన్ ఎదుటివాణ్ణి తన్ని ఎర్రకార్డు చూసి బయటికి నడిచాడు. బావ ఆ వారం జట్టును ముట్టుకోనేలేదు. అతని కెప్టెన్ బోడాయనే. అన్నీ కూడి తీసేసరికి బావ నన్ను ఆరు పాయింట్లతో దాటేశాడు. ఫోను బోర్లించి, దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాను. ఆ దుఃఖంలో ఫ్లెక్సీ సంగతి పూర్తిగా మరిచిపోయాను.

పొద్దున్నే పంతులు ఫోను.

"ఒరేయ్, కట్టేశా. సింహం కొంచెం వంకరగా వచ్చింది గానీ నువ్వు బ్రహ్మాండంగా ఉన్నావు."

"ఒరేయ్ పంతులూ, రాత్రి పాయింట్లు చూడలేదా?"

"తెల్లారకముందే లేవాలి కదా, తొమ్మిదింటికే పడుకున్నా. ఏం, గెలిచావుగా?"

బండి మీద సెంటర్‌కి పరిగెత్తాను. టీ కొట్టు ముందు పదిమంది తల పైకెత్తి నన్నే చూస్తున్నారు, అంటే పైనున్న నన్ను. కిందున్న నన్ను చూసి టీ కొట్టాయన గ్లాసు ఎత్తి, "ఏం అబ్బాయ్, బంతాట ఎప్పుడు నేర్చావు? చిన్నప్పుడు బడి గోడ దూకలేక ఏడ్చేవాడివి కదా!" అన్నాడు. ఇంకో పెద్దాయన, "ఏ ఊరి మీద గెలిచారు?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా స్తంభం ఎక్కి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను.

"కట్టడానికి గంట పట్టింది రా, ఒక్క గంటన్నా ఉండనియ్యవా?" అని పంతులు కింద నుంచి గోల.

"నేను కాదురా గెలిచింది, బావ!"

టీ కొట్టాయన ఎత్తిన గ్లాసు దించాడు. తర్వాత నవ్వు. ఆ నవ్వు నాతో పాటు బండెక్కి ఊరి బయటి దాకా వచ్చింది.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. బండి తిన్నగా కల్లానికి తిప్పాను. బావా అత్తా కుప్ప పక్కన కూర్చుని తడిసిన కాయల్ని వేరు చేస్తున్నారు. పట్టా చాలని మూల అత్త పాత చీరలు కప్పిందట. నీళ్ళు దిగి ఆ మూల కాయలు మెత్తబడ్డాయి, ఎండినా తెల్లబడి, ధర పలకని తాలుకాయలుగా పోతాయి. అత్త చీరలు కంచె మీద ఆరుతున్నాయి. వాటి వైపు చూడలేకపోయాను. మొదట్లో నవ్వుతో పాటు ఇంకొకటి వస్తుందన్నానే, అది ఈ సిగ్గే.

"నువ్వు గెలిచావు బావా," అన్నాను.

"ఏంది గెలిచేది?"

"లీగ్. ఛాంపియన్‌వి నువ్వే."

"రాత్రి నుంచి ఫోన్లో ఛార్జింగే లేదు. నేనేం మార్చలేదు కదరా?"

"అందుకే గెలిచావు. నేను ఏడింటి దాకా కూర్చుని ముగ్గుర్ని మార్చాను. వాళ్ళే ముంచారు."

బావ చేతిలో కాయ పక్కన పడేశాడు. "అయితే నిన్న నా దగ్గరికి వచ్చుంటే, నువ్వే గెలిచేవాడివి గదరా!"

అంతవరకూ ఆ లెక్క నాకు తట్టలేదు. వేసి చూసుకున్నాను, నిజమే. బావ పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"నిన్న రావాల్సింది బావా," అన్నాను. "అత్తా, తప్పైంది."

"వచ్చావుగా ఇప్పుడు," అంది అత్త తల ఎత్తకుండా. "మళ్ళీ మబ్బేస్తంది. ఆ బండి మీద చుట్టేంటిరా, పట్టానా?"

ఫ్లెక్సీ విప్పాం. పన్నెండడుగుల నేను కల్లంలో పరుచుకున్నాను. తెల్లగా ఉన్న వెనకవైపు పైకి పెడదామన్నాను, ఇంకా అంతో ఇంతో సిగ్గు మిగిలి ఉండి.

"మొహం పైకే ఉండనీయ్," అంది అత్త. "కాకులు వాలవు."

సాయంత్రం సభ కల్లంలోనే జరిగింది, ఎందుకంటే ఛాంపియన్ కాయలు వదిలి రానన్నాడు. మే నెల ఉక్కలో బావకి శాలువా నేనే కప్పాను. మాస్టారు కుర్చీలో కూర్చుని అడిగారు:

"ఇంతకీ మీలో ఆడిందెవరురా?"

"ఎవరూ ఆడలేదండీ."

"మరి వీడు ఏం చేసి గెలిచాడు?"

"ఏమీ చెయ్యకుండా అండీ."

మాస్టారు మోకాళ్ళు నిమురుకుంటూ, "సర్వీసంతా పిల్లల్ని పరిగెత్తించాను. ఇలాంటి ఆట ఒకటుందని ముందే తెలిస్తే నా మోకాళ్ళు మిగిలేవి," అన్నారు. ఇంకేదో చెప్పబోయారు గానీ గాలి తిరిగి మిర్చి ఘాటు మొహాన కొట్టింది. ముఖ్య అతిథి తుమ్మారు, ఛాంపియన్ తుమ్మాడు, అధ్యక్షుడు తుమ్మాడు. అలా సీజన్ ముగిసింది.

లీగ్ ఇప్పటికీ నడుస్తోంది. అధ్యక్ష పదవి పంతులుకి ఇచ్చేశాను. పోయిన వేసవిలో మబ్బు పట్టిన ఓ సాయంత్రం, ఫోన్ రాకముందే బండి తీసి కల్లానికి వెళ్ళాను. బావ కొత్త పట్టాలు కొన్నాడు, అయినా నా పాత ఫ్లెక్సీని పారెయ్యలేదు, ఓ చిన్న కుప్ప మీద అదే కప్పి ఉంది. ఇన్నేళ్ళ ఎండకి అక్షరాలు పోయాయి. బంతి పోయింది. కింది వరసలో స్నేహితులంతా చెరిగిపోయారు. సింహం తోక ఒక్కటి మిగిలింది. నా మొహంలో నల్ల కళ్ళద్దాలు తప్ప ఏమీ కనపడటం లేదు. జోడించిన చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కుర్రవాడు అప్పట్లో ఊరందరి అభినందనలకీ ముందే దణ్ణం పెట్టుకున్నాడు పాపం. ఇప్పుడు కాయల మీద పడుకుని, ఆ రెండు చేతులతోనే, వాన వచ్చినప్పుడల్లా మా అత్తకి దణ్ణం పెడుతున్నాడు.