చివర్న గీత

బ్రూస్‌పేటలో మేము అద్దెకున్న ఇంటి యజమానికి గ్రామఫోను ప్లేట్ల పిచ్చి. ప్లేటు పెట్టి, కురుగోడులో తాను చూసిన నాటకాల గురించి గంటలకొద్దీ చెప్పేవాడు. కానీ ఒక పద్యం ప్లేటును మాత్రం చివరిదాకా విననిచ్చేవాడు కాదు. రాగం ముగుస్తుండగానే వంగి, రెండు వేళ్లతో ముల్లు ఎత్తేసేవాడు.

"చివర్న గీత పడిండాదప్పా," అనేవాడు.

అదే ప్లేటు పాతసామాన్ల అంగట్లో ఎప్పుడు కనబడినా కొనేవాడు. అన్నిటికీ చివర్న గీతేనట!

"ఉండే ప్లేటే మళ్లా ఎందుకు కొంటాడు? ఏందో దాస్తాండాడు ఆయప్ప," అనేది నా భార్య. దొంగసొత్తేమోనని నా అనుమానం.

ఒకరోజు ఆ ప్లేటు తిరుగుతుండగా వీధిలోంచి ఎవరో పిలిస్తే నన్ను ప్లేటు దగ్గరే వదిలి ఆయన బయటికి వెళ్లాడు. పద్యం ముగిసింది. గీత లేదు. పాతకాలపు ప్లేట్లలో పాడినవాళ్లు చివర్న తమ పేరు చెప్పుకునేవారు. ఆ గొంతు కూడా చెప్పింది. అది ఆయన భార్య పేరు. కూనిరాగమైనా తీయగా మేము ఎన్నడూ వినని మనిషి.

ఆయన పరుగున వచ్చి ముల్లు పట్టుకున్నాడు. వంటింటి గడపలో ఆమె నిలబడి ఉంది.

"తీయొద్దు," అంది. "ఇంగోసారి పెట్టు. నా పేరు ఈయప్పకు సరిగ్గా ఇనపడిండదు."