నేను రద్దు చేసిన మంత్రివర్గం

అధికారం చేతికొచ్చిన మనిషి ఎంత తొందరగా బోర్లా పడతాడో చెబుతాను. పడింది నేనే కాబట్టి మీరు మొహమాటం లేకుండా నవ్వొచ్చు.

డెబ్బైల్లో, రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన ముగిసిన కొత్తల్లో, విజయవాడలో మా కాలేజీవాళ్లు మాదిరి శాసనసభ జరిపారు. నా గొంతు పెద్దదని సివిక్స్ మాస్టారు నన్ను గవర్నర్‌ను చేశారు. మా మైలవరం నుంచే వచ్చే కరుణ ముఖ్యమంత్రి. పుస్తకంలో గవర్నర్ అధికారాలు శ్రద్ధగా చదివి, విధులు మొదలయ్యేచోట నిద్రపోయాను.

ఆ రోజు జరీ కండువా వేసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాను. కరుణ వచ్చి ప్రసంగం కాగితం చేతిలో పెట్టింది.

"ఇది చదివేసి కూర్చోండి, చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

నాకు ఒళ్లు మండింది. లేచి, "ఈ మంత్రివర్గాన్ని రద్దు చేస్తున్నాను," అన్నాను.

మెజారిటీ ఉన్నవాళ్లను అలా పంపకూడదని, వాళ్ల సలహా ప్రకారమే గవర్నర్ నడవాలని మాస్టారు చెవిలో గొణిగారు. నేను వింటేగా! "అయితే జవాబులు కూడా తమరే చెప్పుకోండి," అని ఆయన హాయిగా వెనక్కి వాలారు.

మాజీ మంత్రులంతా ప్రతిపక్షంలో కూర్చుని కాలవ నీళ్ల గురించి, ఎరువుల గురించి నన్ను వాయించారు. అన్నిటికీ "పరిశీలిస్తాం" అంటూ చెమట తుడుచుకున్నాను. చివరికి కరుణ లేచింది.

"బస్సులో నిలబడే చోటు కూడా లేక మా చెల్లి మొన్న చదువు మానేసిందండి. దానికేం చేస్తారు?"

అది నాటకంలో ప్రశ్న కాదని అందరికీ తెలిసింది. నేను గబుక్కున లేచి, "ఆడపిల్లలకు వేరే బస్సు వేయిస్తాను," అనేశాను.

ముందు వరసలో ఉన్న ప్రిన్సిపాల్‌గారు, "మంచిది. రేపే ఇద్దరూ డిపోకి వెళ్లి అడిగి రండి," అన్నారు.

వెళ్లాం. నేను గవర్నర్ హోదా గురించి మొదలుపెట్టేలోపు కరుణ కళ్లతోనే నా నోరు మూయించి, తనే మాట్లాడింది. డిపో మేనేజరుగారు ఓపిగ్గా విన్నారు. నెల తిరక్కుండానే బస్సు వచ్చింది.

మొదటిరోజు మైలవరంలో ఆ జరీ కండువాతోనే అందరికంటే ముందు నేనే ఎక్కాను. కండక్టరు అడ్డొచ్చాడు.

"ఇది ఆడవాళ్ల బస్సండీ. దిగండి."

"వేయించింది నేనేనయ్యా."

"ఎవరు వేయించినా దిగాల్సిందేనండి."

దిగాను. కిటికీ దగ్గర పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కరుణ చెల్లెలు కూర్చుంది. పక్కనుంచి కరుణ తల బయటపెట్టి, "వెనకాల మామూలు బస్సు వస్తుందండీ, గవర్నర్‌గారూ," అంది.

ఆ దుమ్ములో నిలబడి, కండువా సర్దుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక ఎవర్నీ పదవి నుంచి దించను. దిగడం ఎలా ఉంటుందో తెలిసిపోయింది.